ఇంకొక్క రన్.. ఇంకొక్క బోరు

హేడిస్ అనే గేమ్‌లో నేను ఇప్పటిదాకా 143 సార్లు బయల్దేరాను. 31 సార్లు గెలిచాను. మిగతా 112 సార్లు చచ్చాను. ఈ లెక్క నేను రాసి పెట్టుకున్నది కాదు. గేమ్‌లోనే ఒక రికార్డు రూమ్ ఉంటుంది. ఎన్నోసారి ఏ ఆయుధంతో పోయాం, ఏమైంది అనేది అందులో భద్రంగా ఉంటుంది.

మా నాయిన వేసిన బోర్ల లెక్క మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఆయన్ను అడిగితే ఏడు అంటాడు. అమ్మను అడిగితే తొమ్మిది. "రెండు మీ తాత ఉన్నప్పుడు ఏసినయి, అవి నా లెక్కల రావు" అని నాయిన వాదన. అన్నిట్లో నీళ్లు పడ్డవి రెండు. ఇప్పుడు పోస్తున్నది ఒక్కటి. అది కూడా ఇరవై నిమిషాలు పోసి గాలి కొడుతుంది. మోటరు ఆపి గంటసేపు ఆగాలి, మళ్లీ వేయాలి.

ఈ రెండు లెక్కలకూ సంబంధం ఉందని నాకు చాలా రోజులు తోచలేదు. 2021 ఎండాకాలంలో ఒక రాత్రి తోచింది. అది చెప్పాలంటే ముందు గేమ్ గురించి చెప్పాలి. ఆడినవాళ్లు కొంచెం ఓపిక పట్టండి.

హేడిస్‌ను తయారు చేసింది అమెరికాలోని సూపర్‌జెయింట్ గేమ్స్. ఇరవై మంది అటూ ఇటుగా ఉండే చిన్న టీమ్. 2018 డిసెంబర్‌లో సగమే అయిన గేమ్‌ను అమ్మకానికి పెట్టారు. ఆడేవాళ్లు తిట్టినవీ మెచ్చుకున్నవీ వింటూ, సరిచేస్తూ 2020 సెప్టెంబర్‌లో పూర్తి వెర్షన్ వదిలారు. మరుసటి ఏడాది దానికి హ్యూగో అవార్డు వచ్చింది. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే ఆ అవార్డు ఒక వీడియోగేమ్‌కు రావడం అదే మొదలు.

కథ మనకు తేలిగ్గానే ఎక్కుతుంది. మనకు యముడు ఎలాగో గ్రీకులకు హేడిస్ అలాగ. పాతాళానికి రాజు. ఆయన కొడుకు జాగ్రియస్‌కు ఆ ఇంట్లో ఉండబుద్ధి కాదు. తండ్రితో ఒక్క మాట పొసగదు. ఎట్లాగైనా పైకి, భూమ్మీదికి పోవాలి. దారిలో నాలుగు లోకాలు, ఒక్కో లోకంలో బోలెడు గదులు, గదుల నిండా కొట్లాట, లోకం చివర ఒక బాస్. మనమే జాగ్రియస్. కత్తో, బల్లెమో, విల్లో పట్టుకొని బయల్దేరతాం. ఎక్కడో ఒకచోట చస్తాం. చచ్చాక ఏమవుతుందంటే, ఇంట్లో ఉన్న నెత్తుటి మడుగులోంచి తడి బట్టలతో లేచి వస్తాం. ఎదురుగా బల్ల మీద కాగితాలు ముందేసుకొని నాయిన కూర్చొని ఉంటాడు. వచ్చావా, నాకు తెలుసులే అన్నట్టు ఒక మాట విసురుతాడు.

బీటెక్ సెలవులకు ఇంటికి పోయినప్పుడు గడపలో నాకు పడిన మాటలు గుర్తొచ్చి ఆ సీన్‌కు మొదటిసారి గట్టిగా నవ్వాను.

ఇలాంటి గేమ్స్‌ను రోగ్‌లైక్ అంటారు. పేరు వెనక ఒక చరిత్ర ఉంది. 1980 ప్రాంతంలో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటాక్రూజ్ క్యాంపస్‌లో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే ఇద్దరు స్టూడెంట్లు 'రోగ్' అనే గేమ్ రాశారు. తర్వాత బర్కిలీలో కెన్ ఆర్నాల్డ్ వాళ్లకు తోడయ్యాడు. బొమ్మలు లేవు, అన్నీ కీబోర్డు మీది గుర్తులే. ఈమెయిల్ అడ్రసులో మధ్యలో పెట్టే 'ఎట్' గుర్తు హీరో. ఇంగ్లిష్ పెద్దక్షరాలు రాక్షసులు. వాళ్ల పట్టుదల ఒక్కటే: గేమ్ రాసిన మనకు కూడా ఆడుతుంటే ముందు ఏం వస్తుందో తెలియకూడదు. అందుకని ప్రతిసారి మ్యాప్‌ను కంప్యూటరే కొత్తగా అల్లుతుంది. చస్తే చచ్చినట్టే, మొదటినుంచి మొదలుపెట్టాలి.

ఆ రెండు షరతుల మీద నలభై ఏళ్లుగా గేమ్స్ వస్తూనే ఉన్నాయి. 2008లో స్పెలంకీ, 2011లో బైండింగ్ ఆఫ్ ఐజాక్, 2018లో డెడ్ సెల్స్. ఏది అసలైన రోగ్‌లైక్ అని తేల్చడానికి 2008లో బెర్లిన్‌లో కూర్చొని పంచాయితీ పెట్టి మరీ షరతులు రాసుకున్నారు. వాటి ప్రకారం చూస్తే హేడిస్ అసలు రోగ్‌లైకే కాదు. ఇందులో చచ్చినా కొంత మిగులుతుంది, పైగా అసలు రోగ్‌లో లాగా ఒక్కో ఎత్తు ఆలోచించుకొని వేసే తీరిక ఉండదు. పంచాయితీ పెద్దలు ఏమనుకున్నా నేను మాత్రం రోగ్‌లైక్ అనే అంటాను.

మనకు ఇదేం కొత్త సరుకు కాదు. శివరాత్రి జాగారం రోజు మా నాయనమ్మ వైకుంఠపాళి పరిచేది. పై వరుస దాకా పోయాక పెద్ద పాము నోట్లో పడితే తిన్నగా కిందికే. పోయిందంటే అంతా పోయింది. కాకపోతే వైకుంఠపాళిలో ఆడేవాడి తెలివికి పనిలేదు, గవ్వలు ఎట్లా పడితే అట్లా. పచ్చీసులో అట్లా కాదు. గవ్వలు అదృష్టమే గానీ ఏ కాయ జరపాలి, ఎవరి కాయ కొట్టాలి అనేది మన ఇష్టం. హేడిస్ పచ్చీసు జాతిది.

ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది, చావును వృథా పోనివ్వకపోవడం. చచ్చి ఇంటికి రాగానే గుమ్మంలో హిప్నోస్ అని ఒక నిద్రమొహం దేవుడుంటాడు. నువ్వు దేనివల్ల చచ్చావో చిట్టా చూసి చెప్పి, పనికిరాని సలహా ఒకటి ఇస్తాడు. దాని చేతిలో చచ్చావా, ఈసారి చావకుండా చూడు, అనే టైపు. అటు తిరిగితే అకిలీస్ ఏదో చెప్తాడు. మూడు తలల కుక్క పడుకొని ఉంటుంది, నిమరొచ్చు. ఒక్కొక్కరి కథ చావుకింతని ముందుకు జరుగుతుంది. ఈ గేమ్ కోసం రికార్డు చేసిన డైలాగులు ఇరవై వేలు దాటాయి. డెబ్బై సార్లు చచ్చిన తర్వాత కూడా నాకు కొత్త మాట వినిపించింది. ఓడిపోయి వచ్చినవాడిని ఇంట్లో వాళ్లు పలకరించే గేమ్ నేను అంతకుముందు చూడలేదు. దారిలో ఏరుకున్న చీకటి రాళ్లు కూడా పోవు. వాటిని గదిలో ఉన్న అద్దానికి పెట్టి కొంచెం బలం పెంచుకోవచ్చు.

ఇంకోటి, అదృష్టాన్ని మన చేతిలో కొంచెం పెడతారు. పైనున్న దేవుళ్లు దారి పొడుగునా వరాలిస్తుంటారు. జియస్ మన ఇంద్రుడి లాగ పిడుగు ఇస్తాడు, పొసైడన్ అల ఇస్తాడు, ఎథీనా ఇచ్చే వరంతో మనం పక్కకు దూకినప్పుడల్లా ఎదుటివాడి దెబ్బ తిరిగి వాడికే పోతుంది. ఎవరు ఎప్పుడొస్తారో చెప్పలేం. కానీ గది తలుపు మీద లోపలేముందో గుర్తు వేసి ఉంటుంది. రెండు తలుపులుంటే ఒకటి ఎంచుకోవచ్చు. ఫలానా దేవుడే రావాలంటే ఆయనిచ్చిన గుర్తును జేబులో వేసుకొని పోతే ఆయనే వస్తాడు. అంతా ముందే తెలిస్తే బోరు, ఏదీ తెలియకపోతే జూదం. ఆ రెంటి మధ్యన సన్నటి గట్టు మీద నడిపిస్తారు.

ఇక చేతులు నేర్చుకోవడం. మొదటి బాస్ మెగీరా నన్ను పదకొండు సార్లు చంపింది. కొరడా ఎప్పుడు ఝళిపిస్తుందో కంటికి ఆనేది కాదు. పన్నెండోసారి గెలిచాను. ఎట్లా గెలిచానంటే చెప్పలేను. బుర్రకు తెలియకుండా వేళ్లు నేర్చేసుకున్నాయి. ఇప్పుడు మెగీరాతో కొట్లాడుతూ ఫోన్‌లో మాట్లాడగలను. అద్దం వల్ల పెరిగిన బలం కొంతే, ఎక్కువ భాగం పెరిగింది నేనే. అస్సలు చేతకానివాళ్లకు గాడ్ మోడ్ ఉంది. అది పెట్టుకుంటే తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది, చచ్చినప్పుడల్లా ఇంకో 2 శాతం తగ్గుతూ 80 దాకా పోతుంది. దాన్ని వాడితే నామోషీ అనేవాళ్లను పట్టించుకోకండి. కథ కోసమైనా ఆడొచ్చు.

సరే, పొగిడింది చాలు. ఇది నన్ను ఏడిపించిన సంగతులు ఇంకా ఎక్కువున్నాయి.

ఒక రన్ బాగా పోతే ముప్పై, నలభై నిమిషాలు. అంటే ముప్పై ఐదో నిమిషంలో చస్తే ఆ ముప్పై ఐదూ పోయినట్టే. విల్లు పట్టుకొని ఒక దేవత వరం కోసం చూస్తుంటా, ఆమె రాదు. రెండు వరాలు కలిస్తే మూడోది పుడుతుంది, దాని కోసం సగం రన్ కాపాడుకుంటూ వస్తా, చివరి దుకాణంలో కూడా అది ఉండదు. చివరి లోకంలోనైతే ఐదు సొరంగాలుంటాయి. ఏదో ఒక దాంట్లో కుక్కకు పెట్టాల్సిన మూట ఉంటుంది. అది దొరికితేనే దారి. లోపల ఇరుకు గదులు, ఎలుకలు, విషం ఊదే మేకకాళ్లోళ్లు. ఒక్కోరోజు తొందరగా దొరుకుతుంది. ఒక్కోరోజు అన్నీ తిరిగి, సగం ప్రాణం విషానికి పోగొట్టుకొని, ఉత్త చేతులతో చివరి సొరంగానికి పోవాలి. ఆ భాగం రాసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇంకా పెద్ద తంటా ఏంటంటే, యాభై రన్నులయ్యేసరికి కొత్తదనం పల్చబడిపోతుంది. లోకాలు నాలుగే, వరస మారదు. గదులను కంప్యూటర్ అల్లదు, మనుషులు చేత్తో చేసినవే, వాటిని పేకముక్కల్లాగ కలుపుతారంతే. అరవయ్యోసారి ఆ రెండు స్తంభాల గది వచ్చినప్పుడు మా కాలేజీ బస్ రూటు గుర్తొచ్చింది. కథ సంగతి చెప్పనక్కర్లేదు. ఆడాలనుకునేవాళ్లు ఈ పేరా వదిలేయండి. కష్టపడి పైకి చేరాక జాగ్రియస్ అక్కడ ఎక్కువసేపు బతకలేడు. కాసేపటికే చచ్చి మళ్లీ ఇంట్లోనే తేలతాడు. అట్లా పదిసార్లు పైకి పోతేగానీ అసలు కథకు ముగింపు రాదు. మొదటిసారి గెలిచిన రాత్రి ఈ సంగతి తెలిసి లాప్‌టాప్ మూసేశాను. రెండు రోజులు తెరవలేదు.

వీటన్నిటికంటే నన్ను తినేసేది ఒక ప్రశ్న. ఇప్పుడు చచ్చింది నా తప్పువల్లా, నా ఖర్మవల్లా? నేను రోజూ చేసే పని సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఎక్కడుందో వెతకడం. లాగ్స్ చూస్తాను, కారణం దొరుకుతుంది. గేమ్ కూడా ప్రోగ్రామే. అందులో ర్యాండమ్ అనేది నిజానికి ఒక లెక్క. సీడ్ అనే అంకె నుంచి మొదలై ఒకదాని వెనక ఒకటి అంకెలు పుట్టుకొస్తాయి. సీడ్ అదే అయితే ఫలితమూ అదే. అంటే గేమ్ లోపల ఎక్కడో అంతా ముందే రాసి ఉంది, నాకు కనపడదంతే. వరాలు సరిగా రాలేదు కాబట్టి చచ్చానని సర్దిచెప్పుకొనేవాణ్ని. యూట్యూబ్‌లో అంతకంటే చెత్త వరాలతో గెలిచినవాడు కనిపించేవాడు. నా తప్పే అనుకొని ఇంకో రన్ మొదలుపెట్టేవాణ్ని. ఆ రన్‌లో మళ్లీ ఖర్మ. ఈ తెలియకపోవడమే పడుకోనివ్వదు. ఒక్కటంటే ఒక్కటి, ఇదే లాస్ట్ అనుకుంటూ రెండయ్యేది.

ఫోన్‌లో ఆడేవాళ్లకు ఇదే జబ్బు డెడ్ సెల్స్ అంటిస్తుంది. బోర్డోలో మోషన్ ట్విన్ అనే ఫ్రెంచ్ కంపెనీ చేసింది, 2020లో ఆండ్రాయిడ్‌కు వచ్చింది. అందులో చంపినప్పుడు దొరికే సెల్స్‌ను ఒక అంచె దాటి అప్పగిస్తేనే మనవి, దారిలో చస్తే అన్నీ పోతాయి. దేవరకొండ బస్సెక్కి మాల్ దాటేలోపు రెండుసార్లు చచ్చేవాణ్ని. సగం నా బొటనవేలు స్క్రీన్‌కు అడ్డమొచ్చే. (ఆ గేమ్ చేసినప్పుడు ఆ కంపెనీలో బాస్ లేడు, అది సహకార సంఘం, అందరికీ ఒకటే జీతం. ఈ ముక్క మా మేనేజర్‌కు ఇంకా చెప్పలేదు.)

ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

కరోనాకు ఆఫీసులు మూతబడి నేను ఊరికి వచ్చేసి ఏడాది దాటింది. మాది దేవరకొండ వైపు. నాగార్జునసాగర్ మా జిల్లాలోనే ఉంది గానీ ఆ ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు పల్లానికి పారింది, మా గుట్టల మీదికి ఎక్కలేదు. మేమూ, పక్కన పాలమూరూ బోరు మీద బతికినవాళ్లం. తాత కాలంలో మోట బావి. అది ఎండాక బోర్లు. మొదటి బోరు రెండు వందల ఫీట్లకే పోసిందట. ఆ ధైర్యంతోనే నాయిన రెండెకరాల్లో బత్తాయి పెట్టిండు. బత్తాయి పెట్టడమంటే ఐదేళ్లు కన్నబిడ్డల్లాగ చూసుకోవడం. ఒక్క ఎండాకాలం నీళ్లు తప్పితే ఆ ఐదేళ్లూ పోతాయి. 2018 జనవరి నుంచి పంటకు ఇరవై నాలుగ్గంటల ఉచిత కరెంటు వచ్చింది. రాత్రిపూట కరెంటు కోసం పొలం కాడ పడుకునే బాధ తప్పింది. కానీ మోటరుకు కరెంటుంటే సరిపోదు, కింద నీళ్లుండాలి కదా.

ఆ మధ్యాహ్నం అన్నం కాడ నాయిన మెల్లగ అన్నడు. "చెట్లు వాడువడ్తున్నయ్ బిడ్డా. ఇంకొక్కటి ఏసి చూద్దాం. ఒక్క లక్ష సర్దుతవా?"

నాకు కోపమొచ్చింది. "ఏడు ఏసినవ్ నాయినా. ఇంకొకటా? ఇది ఎవుసం గాదు, జూదం" అన్న. నల్గొండ పక్కన ముషంపల్లిలో మనుషుల కంటే బోర్లే ఎక్కువని పాలగుమ్మి సాయినాథ్ 2004లోనే రాసిన ముచ్చట కూడా ఎత్తిన, నాకేదో చాలా తెలిసినట్టు. నాయిన మారు మాట్లాడలే. చెయ్యి కడుక్కొని లేచిపోయిండు. అమ్మ నా వైపు చూసిన చూపు నేను చెప్పలేను.

రాత్రి రెండుకు నేను ఆడుతున్న. నాయిన మోటరు వేసి రావడానికి లేచినట్టుండు, నా రూమ్‌లో వెలుగు చూసి లోపలికొచ్చిండు. తిడతడనుకున్న. వచ్చి మంచం అంచుకు కూర్చున్నడు.

"ఎవలు రా గీ పొలగాడు?"

"యమధర్మరాజు కొడుకు అనుకో."

"యాడికి ఉర్కుతుండు?"

"ఇంట్లకెల్లి బయటికి. నాయినకు తెల్వకుండ."

"ఆఁ" అన్నడు. ఇంకేం అనలే.

మూడో బాస్ దగ్గర ఉన్న. థీసియస్, ఎద్దు తల రాక్షసుడు ఇద్దరూ ఒక్కసారే మీదికొస్తారు. ఎద్దును పడగొట్టిన. థీసియస్ సగం ప్రాణం పోయాక పైనుంచి ఒక దేవుణ్ని సాయం పిలుచుకుంటాడు. అప్పుడు తప్పుకోలేక చచ్చిన.

"సచ్చిండా?"

"సచ్చిండు."

తెర ఎర్రబడ్డది. మడుగులోంచి జాగ్రియస్ లేచి జుట్టు దులుపుకొన్నడు.

"మల్ల లేసిండు గదరా!"

"లేస్తడు నాయినా. ఎన్నిసార్లు సచ్చినా లేస్తడు."

"ఇట్ల ఎన్నిసార్లు సచ్చినవ్?"

"డెబ్బై దాక ఉంటయ్."

"పైసలేమన్న పోతయా?"

"ఒక్కసారి కొంటే అయిపాయె. సచ్చినందుకేం పోదు."

కాసేపు చూసిండు. తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచిండు. "ఖర్సు లేంది ఎవడన్న ఆడుతడు రా" అని టార్చిలైటు తీసుకొని మోటరు కాడికి పోయిండు.

ఎగతాళి చేసిన గొంతు కాదది. మామూలుగనే అన్నడు. నేను ఇంకో రన్ మొదలుపెట్టలేకపోయిన. మధ్యాహ్నం ఆయన్ను జూదగాడన్న నోటితోనే రాత్రంతా "ఇంకొక్కటి" అనుకుంటూ కూర్చున్నది నేను. ఆయన ఇంకొక్కటి అంటే లక్ష రూపాయలు, రెండెకరాల చెట్లు. నేను ఇంకొక్కటి అంటే పొద్దున స్టాండప్ మీటింగ్‌లో కెమెరా ఆఫ్ పెట్టుకోవడం.

వారం తిరక్కుండా పైసలిచ్చిన. ఇచ్చి ఊరుకోలే, ఇంజినీరు బుద్ధి పోనిచ్చుకోలే. టెంకాయ అరచేతిలో పెట్టుకొని తిరిగేటాయన వద్దు, జియాలజిస్టును పిలుద్దామన్న. ఆయనొచ్చి నేలలో ఇనుప కడ్డీలు దిగేసి, కరెంటు పంపి రీడింగులు తీసుకున్నడు. నాకు చాలా వివరంగా చెప్పిండు. మా కింద ఉన్నదంతా గ్రానైట్. పైన కొంత మెత్తబడిన పొర, దాంట్లో ఒకప్పుడు నీళ్లుండేవి, అవి తోడేశాం. దాని కింద గట్టి బండ. ఆ బండలో ఎక్కడన్నా పగులుంటే, ఆ పగులుకు నీళ్లు చేరే దారి ఉంటే, మన గొట్టం సరిగ్గా దానికి తగిలితే నీళ్లు. పక్కింటోళ్ల బోరు పోస్తుంటే పది గజాల అవతల మనది ఎండొచ్చు. వింటుంటే నాకు సీడ్ గుర్తొచ్చింది. కింద అంతా ఎప్పుడో రాసిపెట్టి ఉంది, పైనున్నవాడికి కనపడదు. తేడా ఏంటంటే గేమ్ రాసినవాళ్లు తలుపు మీద గుర్తు పెడతారు. మా నేల అట్లాంటిదేం పెట్టదు. ఆ కడ్డీలు కూడా అటు ఇటుగానే చెప్తాయని ఆయనే ఒప్పుకున్నడు.

తిరుచెంగోడు నుంచి వచ్చిన తమిళోళ్ల బండి రాత్రి పదికి చేలోకి దిగింది. బోరు బండి చప్పుడు వినని వాళ్లకు చెప్పడం కష్టం, ఇంటి గోడలు పళ్లు కొరికినట్టుంటాయి. గొట్టం మీద గొట్టం. తెల్లటి రాతి పొడి పొగలాగ లేచి చెట్ల మీద పడుతుంది. ఆ పొడి తడిస్తే ఆశ. నాయిన మూడు వందల ఫీట్ల కాడ చారెడు పొడి తీసి పిసికి చూసిండు, పొడిగనే ఉంది. నాలుగు వందల యాభై కాడ కొంచెం చెమ్మ తగిలింది. అందరం లేచి నిలబడ్డం. ఐదు వందలకు మళ్లీ ఎండు పొడి. లోతు పోయేకొద్దీ ఫీటు రేటు పెరుగుతుంది, అయినా ఎవరూ ఆపుమనరు. ఆరు వందలు కాగానే "ఇంకో యాభై" అన్నది నాయిన కాదు, నేను. ఆ తర్వాత ఇంకో యాభై కూడా నేనే. 720 కాడ నాయిన చెయ్యెత్తి "ఇగ సాలు" అన్నడు. కేసింగ్‌తో కలిపి తొంభై వేలయింది.

తెల్లారి చేలో తిరిగి చూస్తే బత్తాయి ఆకులన్నీ పిండి చల్లినట్టున్నాయి. నేను పొద్దంతా ఆ రీడింగుల కాగితం ముందేసుకొని తప్పెక్కడ జరిగిందా అని వెతికిన. పాయింట్ పది ఫీట్లు అటు పెట్టాల్సిందా? నాలుగు వందల యాభైలోనే ఆపి ఆ చెమ్మను చూసుకోవాల్సిందా? హిప్నోస్ లాంటివాడు ఒక్కడన్నా ఉండి నీ బోరు ఇందుకు చచ్చింది అని చెప్తే బాగుండనిపించింది. పనికిరాని సలహా అయినా ఫర్వాలేదు. నాయిన మాత్రం కాగితం వంక చూడలే. ఆ ఉన్న ఒక్క బోరు నీళ్లకు ఎన్ని చెట్లు బతుకుతయో లెక్కేసుకొని, ఇంటి వైపున్న ఎకరానికే డ్రిప్పు తిప్పుకున్నడు. అవతలి ఎకరం ఎండిపోయింది. చెట్లు కొట్టేయించిన రోజు నేను హైదరాబాద్‌లో ఉన్న. ఫోన్‌లో చెప్పలే, ఇంటికి పోయాక చూసిన.

తర్వాత కొన్ని నెలలు గేమ్ ముట్టుకోలేదు. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తు లేదు. ఇప్పుడు వారానికి రెండు రన్నులు, పదకొండు లోపు. చస్తే పడుకుంటాను. ఆ సొరంగాల గదులంటే ఇప్పటికీ చిరాకే. గెలిచినప్పుడు వచ్చే సంతోషం మాత్రం మొదట్లో లాగానే ఉంది. నాలుగేళ్ల కిందట గేమ్ అన్యాయం చేసిందని తిట్టుకున్నవి చాలావరకు నా తొందరపాటేనని ఇప్పుడు తెలుస్తోంది. అలా తెలుసుకోవడానికి 112 సార్లు అవకాశం ఇచ్చారు మరి.

మొన్న దసరాకు ఇంటికి పోయిన. రాత్రి అన్నాలు తింటుంటే నాయిన అడిగిండు.

"ఆ పొలగాడు బయట పడ్డడా?"

నాకు వెంటనే తట్టలే. "ఏ పొలగాడు?"

"అదే రా, యమధర్మరాజు కొడుకు."

"పడ్డడు నాయినా. ముప్పై సార్లు పడ్డడు. కాకపోతే బయట ఎక్కువసేపు ఉండలేడు, మల్ల ఇంటికే వస్తడు."

"మరి ఏంటికి పోవుడు?" అన్నది అమ్మ, మజ్జిగ పోస్తూ.

నాయిన నవ్విండు. తినడం అయ్యాక చెయ్యి కడుక్కొని వచ్చి, అరుగు మీద కూర్చొని, చీకట్లోకి చూసుకుంటూ అన్నడు. "ఈ యేడు వానలు మంచిగ పడ్డయ్. తూర్పు గట్టు కాడ ఒక్కటి చూద్దామనుకుంటున్న."

అమ్మ లోపలికి పోయింది. నేను కొంచెం సేపు ఊరుకున్న.

"ఎన్ని ఫీట్లకు ఆపుదాం?" అని అడిగిన.